నాలుగేళ్ళ పిల్లవాడితో విశాఖ బీచ్‌లోని టీయూ-142 విమానం చూడవచ్చా?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక తండ్రి)

వచ్చే వారం గృహప్రవేశానికి విశాఖపట్నం వెళుతున్నాం. శనివారం మధ్యాహ్నం నుంచి మాకు వేరే పని లేదు. మావాడికి నాలుగేళ్ళు నిండాయి. ఆకాశంలో విమానం మోత వినిపిస్తే చాలు, అన్నం పళ్ళెం వదిలేసి డాబా మీదికి పరుగెడతాడు. ఆ ధైర్యమంతా మోత దూరంగా ఉన్నంతసేపే. వంటింట్లో మిక్సీ వేస్తే రెండు చెవులూ మూసుకుని మంచం కిందికి దూరతాడు. సముద్రంలో సబ్‌మెరైన్లను వెతికిన పాత నౌకాదళ విమానం టీయూ-142ను బీచ్‌లో ప్రదర్శనకు పెట్టారు కదా, అంత పెద్ద విమానం దగ్గరికి తీసుకెళితే భయపడతాడా? లోపలికి ఎక్కనిస్తారా? ఎంతసేపు పడుతుంది? ఎదురుగా ప్రదర్శనకు పెట్టిన సబ్‌మెరైన్ కూడా అదే రోజు చూపించవచ్చా? మా అమ్మగారు కూడా వస్తున్నారు, ఆవిడకు మోకాళ్ళ నొప్పులు.

జవాబు (విశాఖలో ఉంటున్న ఒక తల్లి)

నిక్షేపంగా తీసుకెళ్ళండి. మా ఇద్దరు పిల్లలతో నాలుగైదుసార్లు వెళ్ళాను. అక్కడ ఏ ఇంజనూ తిరగదు, కాబట్టి మోత భయం లేదు. ఆర్కే బీచ్ రోడ్డు పక్కన ఆరుబయట నిలబెట్టి ఉంటుంది. విమానం చూపించే ముందు ఒక హాలు ఉంటుంది. ఇంజను, ప్రొపెల్లరు, బ్లాక్ బాక్సు, సముద్రంలో పడితే ప్రాణాలు కాపాడుకునే సామాను అక్కడ పెట్టారు. పెద్దవాళ్ళం అన్ని బోర్డులూ చదవాలని ఆ హాలులోనే ముప్పావుగంట గడిపేస్తాం. విమానం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు విసిగిపోయి ఐస్‌క్రీమ్ కావాలంటారు. మొదటిసారి నేను చేసిన తప్పు అదే. హాలు పది నిమిషాల్లో దాటించండి. వాడికి కావలసింది బయట ఉంది.

మెట్లెక్కి విమానం లోపలికి వెళ్ళవచ్చు. ప్రయాణికుల విమానంలా వరుస సీట్లు ఉంటాయని మాత్రం వాడికి చెప్పకండి. లోపల ఇరుకు, అన్నీ మీటర్లు, తీగలు, మీటలు. వెనకాల జనం వస్తూ ఉంటారు కాబట్టి ఎక్కువసేపు ఆగడానికి వీలుండదు. చేతి సంచి ఏదైనా ఉంటే మీ అమ్మగారి దగ్గర వదిలి ఎక్కండి. ఆవిడ కింద నీడలో కూర్చుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండు దాటాకే తెరుస్తారు, సోమవారం సెలవు. వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు ఒకసారి కనుక్కోండి. నా మాట వింటే నాలుగున్నరకు వెళ్ళండి. ఎండ తగ్గుతుంది, చూడటం అయ్యాక అటు ఇసుకలోకి దిగవచ్చు.

జవాబు (నౌకాదళంలో పనిచేసి విరమించిన ఒకరు)

పిల్లవాడికి ఏం చూపించాలో నేను చెబుతాను. ఆ విమానం కింద నా ఉద్యోగంలో చాలా ఏళ్ళు గడిచాయి. ముందు ప్రొపెల్లర్ల దగ్గర నిలబెట్టి లెక్కపెట్టమనండి. ఒక్కో ఇంజనుకు ఒకదాని వెనుక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో దానికి నాలుగు రెక్కలు. నాలుగు ఇంజన్లకు కలిపి 32. నాలుగేళ్ళవాడు పదహారు దగ్గర తప్పిపోతాడు, మళ్ళీ మొదలుపెడతాడు, అలా మీకు పావుగంట కలిసొస్తుంది. ముందుది ఒక వైపు తిరిగితే వెనుకది దానికి ఎదురు వైపు తిరుగుతుంది. రెండు అరచేతులూ ఎదురెదురుగా తిప్పి చూపించండి, తెలిసిపోతుంది. ఎగిరేటప్పుడు దీని మోత మామూలుది కాదు. మీవాడికి ఆ సంగతి ఇప్పుడు చెప్పకండి.

తరువాత హాలులో సోనోబోయ్ ఒకటి వెతకండి. పొడుగాటి గొట్టంలా ఉంటుంది. విమానంలోంచి చిన్న పారాచూట్ కట్టి సముద్రంలోకి జారవిడిచేవారు. పైభాగం నీటి మీద తేలుతుంది, మైకు తీగతో కిందికి దిగుతుంది. సబ్‌మెరైన్ చప్పుడు వినబడితే రేడియోలో విమానానికి చెబుతుంది. 'నీళ్ళలో వేసే చెవి' అనండి, ఇంకేమీ వివరించనక్కర లేదు.

ఈ విమానాలు 1988లో నౌకాదళంలో చేరాయి. మొదట గోవాలో, 1992 నుంచి అరక్కోణంలో ఉండేవి. 2017 మార్చి 29న వీడ్కోలు పలికాం. ఇది ఆ ఏప్రిల్‌లో స్వయంగా ఎగిరి విశాఖకు వచ్చింది. తరువాత విప్పి, బీచ్‌కు చేర్చి, మళ్ళీ బిగించారు. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు.

జవాబు (అనకాపల్లి నుంచి)

ఒకే రోజు రెండూ వద్దని నా అభిప్రాయం. సబ్‌మెరైన్‌లో ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ద్వారాల గుండా వంగి, కాలెత్తి దాటాలి. పిల్లలకు అది ఆటే. నిద్రపోయిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని దాటడం మాత్రం ఎంత కష్టమో నాకు తెలుసు. నడుం పట్టేసి రెండు రోజులు పడుకున్నాను. మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడకు అసలే వద్దు.

జవాబు (నౌకాదళ విశ్రాంత ఉద్యోగి మళ్ళీ)

ఆయన మాట నిజమే, కానీ సబ్‌మెరైన్‌ను బయటి నుంచైనా చూపించకుండా రావద్దు. ఆ సబ్‌మెరైన్ పేరు కురుసుర, 1969 నుంచి 2001 వరకు పనిచేసింది, 91 మీటర్ల పొడవు. సబ్‌మెరైన్లను వెతకడానికే పుట్టిన విమానం రోడ్డుకు ఇటు, సబ్‌మెరైన్ అటు. అంత దగ్గరగా రెండూ కనబడితే కథ దానంతట అదే వస్తుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం చెయ్యి వదలకండి, వాహనాల రద్దీ ఎక్కువ.

అడిగినవారు (తిరిగి వచ్చాక)

అందరికీ కృతజ్ఞతలు. శనివారం అయిదింటికి వెళ్ళాం. హాలు పన్నెండు నిమిషాల్లో దాటాం. లోపల ఉన్నది అయిదు నిమిషాలే, వాడికి పెద్దగా నచ్చలేదు. 'సీటు లేదు' అని ఫిర్యాదు. బయట మాత్రం కదలలేదు. లెక్క పంతొమ్మిది దగ్గర మూడుసార్లు ఆగింది. ముప్పై రెండు వాళ్ళ నాయనమ్మ పూర్తి చేశారు, బల్ల మీద కూర్చునే. తోక చివర వెనక్కి చూస్తూ ఒక మనిషి కూర్చునే చోటుందని చూపిస్తే, 'ఆయనకు ఇల్లు కనబడుతూ ఉంటుందా?' అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళలేదు. ఇసుకలో కూర్చుని ముంత మసాలా తింటూ బయటి నుంచి చూశాం. ఇంటికి వచ్చాక స్నానం చేయిస్తుంటే స్టీలు గ్లాసు బకెట్లో ముంచి, దాని అంచుకు చెవి ఆనించి, నన్ను నోరు మూసుకోమన్నాడు. సబ్‌మెరైన్ వస్తోందట.

మిక్సీ సంగతి మారలేదు. ఈ ఉదయం కూడా మంచం కిందే ఉన్నాడు.