ఎండాకాలంలో స్మార్ట్‌వాచ్ చూపే కేలరీలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న:
నా వయసు 52, బరువు 70 కిలోలు. పొద్దున్నే మంచం దిగకముందు గుండె వేగం నిమిషానికి 68. విజయవాడలో రోజూ ఉదయం ఒకే చదునైన దారిలో, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో గంటసేపు నడుస్తాను. డిసెంబరులో నా చేతి వాచ్ గుండె వేగం 112 అనీ, 300 కేలరీలు ఖర్చయ్యాయనీ చూపేది. మే నెలలో అదే నడకకు 130, 400 చూపుతోంది. ఎండలో నడిస్తే నిజంగానే ఎక్కువ కరుగుతుందా? 220లోంచి వయసు తీసేస్తే వచ్చే 168ని దాటకూడదంటున్నారు, అది సరైనదేనా?

సమాధానం 1:
కరగదండీ. వాచ్ కేలరీలను నేరుగా కొలవదు. చర్మంలోకి పచ్చని కాంతిని పంపి, రక్తప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి గుండె వేగాన్ని పట్టుకుని, దానికి వయసు, బరువు వంటివి కలిపి ఒక అంచనా కడుతుంది. గుండె వేగం పెరిగిందంటే కండరాలు ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుతున్నాయన్నదే ఆ అంచనాకు ఆధారం. ఎండలో ఆ ఆధారం జారిపోతుంది: ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లి, చెమట వల్ల రక్తంలో ద్రవం తగ్గి, ఒక్కో స్పందనకు గుండె తోసే రక్తం తగ్గుతుంది కనుక, ఆ లోటును పూడ్చడానికి అది మరిన్నిసార్లు కొట్టుకుంటుంది. కాళ్లు చేసే పని మాత్రం డిసెంబరులో చేసినంతే. ఆ వేగానికి విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తికి సుమారు మూడున్నర రెట్లు కావాలి; మీ బరువుకు అది గంటకు 245 కేలరీలు, అందులో 70 ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. అంటే డిసెంబరు లెక్క కూడా కాస్త ఉదారమే! 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు చేతి పరికరాలను పరీక్షించినప్పుడు, ఆరింటిలో గుండె వేగం 5 శాతం లోపు తేడాతోనే వచ్చింది గానీ, కేలరీల లెక్కలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది.

సమాధానం 2:
పై సమాధానంతో ఏకీభవిస్తాను, కానీ కేలరీలు నమ్మదగినవి కాకపోయినంత మాత్రాన 130ని కొట్టిపారేయకండి. గుండె పడుతున్న శ్రమ నిజమే. 168 అన్నది ఆ వయసువారి సగటు అంచనాయే తప్ప దాటకూడని గీత కాదు, మనిషికీ మనిషికీ 10–12 స్పందనల తేడా మామూలే. కార్వోనెన్ పద్ధతిలో 168లోంచి మీ 68 తీసివేసి, మిగిలిన 100లో 40 నుంచి 60 శాతం తీసుకుని మళ్లీ 68 కలిపితే, మధ్యస్థ శ్రమకు 108–128 వస్తుంది. డిసెంబరులో మీరు ఆ పరిధిలోనే ఉన్నారు, ఇప్పుడు కొద్దిగా దాటుతున్నారు. ఎండ ముదరకముందే బయలుదేరి, వేగం తగ్గించి, మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఆయాసం దగ్గర ఆగితే చాలు.

సమాధానం 3:
బీపీకి అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు వాడేవారికి ఈ లెక్కలేవీ వర్తించవు, ఎందుకంటే అవి గుండె వేగాన్ని పెరగనివ్వవు. మీరు ఏ మాత్ర వాడుతున్నారు?

ప్రశ్న అడిగినవారు:
టెల్మిసార్టన్ మాత్రమే.

సమాధానం 3:
అది ఆ కోవలోది కాదు కనుక పై లెక్కను వాడుకోవచ్చు. అయితే నడకలో ఛాతీ బరువెక్కినా, తల తిరిగినా వాచ్ ఏ అంకె చూపుతున్నా వెంటనే ఆగి, వైద్యుణ్ణి కలవండి.