బోరు మోటారు డ్రైవ్‌లో సిలికాన్ కార్బైడ్ వేయవచ్చా?

నల్గొండ రిపేరు బల్ల:
మోటారుకు కరెంటును పల్సులుగా పంపి వేగాన్ని అదుపు చేసే డబ్బాలు, అంటే మోటారు డ్రైవ్‌లు బాగుచేస్తుంటాను. వాటిలో కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే స్విచ్చులు ఐజీబీటీలు. అవి పోయినచోట అదే పని చేసే 1200 వోల్టుల సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్లు వేద్దామని ఉంది. ఐజీబీటీని ఆపాక కూడా కరెంటు కాసేపు తోకలా సాగుతుంది. మాస్‌ఫెట్‌కు ఆ తోక లేదు, వేడి తక్కువ. మన ఎండలకు డ్రైవ్ డబ్బా పెనంలా కాలుతుంది మరి. వద్దనేవారు కారణం చెప్పండి.

దేవరకొండ వైండింగ్:
వద్దన్నా. మాది రాతినేల. డ్రైవ్ పైన, మోటారు 300 అడుగుల కింద. అంత కేబుల్ చివర పల్సు వెనక్కి తిరిగి వోల్టేజీ రెట్టింపవుతుంది. 415 వోల్టులను డీసీ చేస్తే సుమారు 590, మోటారు దగ్గర 1180. ఆయిల్ మోటారు విప్పి చూడండి, మొదటి చుట్ల దగ్గరే ఎనామెల్ మాడి ఉంటుంది.

పాలమూరు లెక్చరర్:
అంత పొడవుకు ఐజీబీటీ పల్సు కూడా రెట్టింపవుతుంది తమ్ముడూ, ఆ నేరం మాస్‌ఫెట్ మీద వేయకు. దీని పల్సు మరీ నిటారుగా లేస్తుంది, ఆ భారం మొదటి చుట్లమీద ఎక్కువగా పడుతుంది. అక్కడ నువ్వన్నది నిజం. స్విచ్చును ఆన్-ఆఫ్ చేసే కాలు గేటు, దాని దగ్గరి రెసిస్టరు పెంచితే ఆ వేగం తగ్గుతుంది. నష్టం కాస్త పెరిగినా, తోక లేని లాభం మిగులుతుంది.

నా భయం పాత డ్రైవర్ బోర్డు గురించి. అది గేటుకు +15 వోల్టులు ఇస్తుంది. ఈ మాస్‌ఫెట్లలో చాలా రకాలకు +18 కావాలి, లేకుంటే రెసిస్టెన్సు పెరిగి మళ్లీ వేడే. ఆపడానికి కొన్ని బోర్డులు −8 దాకా ఇస్తాయి, వీటిలో చాలావాటికి −4, −5 చాలు. షార్టయితే ఐజీబీటీ 10 మైక్రోసెకన్లు ఓర్చుకుంటుంది. మాస్‌ఫెట్ రెండు మూడింటికే పోతుంది.

నల్గొండ రిపేరు బల్ల:
దాచడం ఎందుకు, పోయిన నెల ఒకటి వేసి చూశాను. కేబుల్ జాయింటులోకి నీళ్లు చేరి షార్టయింది. బోర్డు ఆపేలోపే మాస్‌ఫెట్ పగిలింది. నకిలీ సరుకని అమ్మినవాడిని తిట్టాను.

పాలమూరు లెక్చరర్:
షార్టును బోర్డు ఎంతసేపటికి పట్టుకుంటుంది?

నల్గొండ రిపేరు బల్ల:
7 మైక్రోసెకన్లు. ఇప్పుడు అర్థమైంది, ఆ అమ్మినాయనకు ఫోను చేయాలి.

దేవరకొండ వైండింగ్:
బోర్డు మారుస్తారు, సరే. పైన డ్రైవ్ చల్లగా ఉండి కింద మోటారు కాలితే, పైపులు లాగే కూలీ ఎవరిస్తారు?

పాలమూరు లెక్చరర్:
పల్సు నిటారుగా లేవకుండా డ్రైవ్ బయటే ఫిల్టరు పెట్టాలి. ఖర్చు ఉంది, కాదనను.

నల్గొండ రిపేరు బల్ల:
బోర్డు మార్చి, ఫిల్టరు పెట్టి ఒక్కచోట వేస్తాను. బోరు మాత్రం లోతు తక్కువదే చూసుకుంటాను, పైపులు లాగాల్సి వస్తే నేనే కదా లాగాలి.