అప్‌డేట్: బడ్జీలు, కాక్‌టెయిల్స్, లవ్‌బర్డ్స్ ఒకే ఏవియరీలో

బడ్జీలు (చిన్న చిలుకలు), కాక్‌టెయిల్స్ (కాకటీల్, తలపై కుచ్చు ఉండే చిలుకలు), ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్ (ఇవీ చిన్న చిలుకలే) మూడింటినీ ఒకే ఏవియరీలో, అంటే పక్షులు ఎగరగలిగేంత పెద్ద పంజరంలో, ఉంచొచ్చా అని అడిగాను కదా, దాని అప్‌డేట్ ఇది.

లవ్‌బర్డ్స్‌ని వేరు చేసేశాను. సలహా ఇచ్చిన వాళ్లంతా చెప్పిందీ అదే. కాక్‌టెయిల్ కంటే చిన్నవే గానీ, వాటి ముక్కుకి జాలి లేదు. మధ్యలో ఒక వరస మెష్ కడితే, అవతల దాన్ని పట్టుకుని వేలాడే బడ్జీ కాలివేళ్లు కొరకడానికి వచ్చేశాయి! ఇప్పుడు రెండు వరసల మెష్, మధ్యలో ముక్కు అందనంత ఖాళీ.

బడ్జీలు, కాక్‌టెయిల్స్ మాత్రం కలిసే ఉంటున్నాయి. విచిత్రం ఏంటంటే, అక్కడ పెత్తనం చిన్నవాటిదే. కాక్‌టెయిల్ తింటుంటే ఒక బడ్జీ వెనకనుంచి తోక లాగుతుంది, అది పక్కకి జరగ్గానే గిన్నె ఎక్కి కూర్చుంటుంది. గిన్నెలు ఎక్కువ పెట్టి దూరదూరంగా తగిలించాక ఆ గొడవ తగ్గింది. కాక్‌టెయిల్స్ కోసం బాగా ఎత్తులో కర్రలు కట్టాను, రాత్రి నిద్ర అక్కడే. గూటిపెట్టెలు తీసేశాను, పెద్ద పోట్లాటలన్నీ వాటి కోసమే.

కొత్త పక్షిని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచాకే కలుపుతాను. సిట్టకోసిస్ అనే చిలుకల జబ్బు మనుషులకీ అంటుకుంటుంది కాబట్టి అందులో రాజీ లేదు.