వేడెక్కితే మూడో ఇంజెక్టర్ ఆగిపోతోంది: వైరింగా, ఈసీఎమ్మా (ఇంజన్‌ను నడిపే కంప్యూటరా)?

అన్నలూ, మాది కడప. నాది 2014 మోడల్ పెట్రోల్ కారు, నాలుగు సిలిండర్లు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది. రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ఒక సిలిండర్ ఆగిపోయి బండి వణుకుతుంది, చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. స్కానర్‌లో వచ్చిన కోడ్ పీ0203, అంటే మూడో సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ సర్క్యూట్‌లో లోపం.

మెకానిక్ ఇంజెక్టర్ మార్చమన్నాడు. ఖర్చు పెట్టే ముందు రెండో దాన్నీ మూడో దాన్నీ అటూ ఇటూ మార్చి చూశాను. కోడ్ మూడులోనే ఉంది, రెండుకు పోలేదు. మీటర్ పెడితే నాలుగూ 13 ఓమ్‌ల దగ్గరే చూపిస్తున్నాయి. తాళం ఆన్ చేస్తే కనెక్టర్‌కు 12 వోల్టులు వస్తోంది. కాబట్టి ఇంజెక్టర్ మంచిదే అనుకుంటున్నా.

కనెక్టర్ దగ్గర చుట్టిన టేపు వేడికి జిగురై చేతికంటుకుంటోంది. లోపల ఒక పిన్నుకు పచ్చటి చిలుము పట్టింది. గీకి శుభ్రం చేశా, రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది.

ఈసీఎమ్ నుంచి ఇంజెక్టర్‌కు వచ్చే గ్రౌండ్ వైరు వేడికి లోపల తెగుతోందా? మొత్తం వైరింగ్ విప్పకుండా, ఆ ఒక్క వైరుకు బదులు పైనుంచి కొత్తది లాగి పరీక్షించొచ్చా? ఈసీఎమ్‌కు ప్రమాదమేమైనా ఉందా? అమ్మను చెకప్‌కు ఇదే బండిలో తీసుకుపోవాలి, ఘాట్‌లో ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది సరిచేసినవాళ్లు దయచేసి చెప్పండి.