కాఫీ షాపు ముందు పార్కింగ్ చోటులో చిన్న పార్కు కట్టవచ్చా?

అనూష: శాన్‌ఫ్రాన్సిస్కోలో మాకు చిన్న కాఫీ షాపు ఉంది. ముందు మీటరులో డబ్బులు వేసి కారు ఆపుకునే చోట్లు రెండున్నాయి. వాటిలో పార్క్‌లెట్, అంటే అందరూ కూర్చునే చిన్న పార్కు, కట్టమని రోజూ వచ్చేవారు అడుగుతున్నారు. పక్క హార్డ్‌వేర్ కొట్టు పెద్దాయన మాత్రం, బరువు సామాను కొనేవాళ్లు కారు ఎక్కడ ఆపుకోవాలని బాధపడుతున్నారు. ఆయనంటే మాకు గౌరవం. దరఖాస్తు పెట్టమంటారా? కట్టేటప్పుడు ఏమేం చూసుకోవాలి?

రఘు: తప్పకుండా పెట్టండి అనూష గారూ. ఇలాంటివాటికి నమూనాలు గీసి, దగ్గరుండి కట్టించడమే నా వృత్తి.

ఈ ఆలోచన పుట్టింది మన ఊళ్లోనే. 2005 నవంబరులో రీబార్ అనే కళాబృందం మిషన్ వీధిలో మీటరులో డబ్బులు వేసి, రెండు గంటలపాటు అక్కడ పచ్చిక పరిచి, ఒక బల్ల, తొట్టెలో చెట్టు పెట్టింది. గడువు తీరగానే పచ్చిక చుట్టి, చోటు ఊడ్చి వెళ్లిపోయారు. అద్దె కట్టిన చోటులో కారే ఎందుకుండాలన్నది వాళ్ల ప్రశ్న. 2010 నుంచి నగర యంత్రాంగమే అనుమతులివ్వడం మొదలుపెట్టింది. కోవిడ్ రోజుల్లో హోటళ్ల బల్లలూ రోడ్డెక్కాయి, 2021లో ఆ తాత్కాలిక అనుమతుల పథకాన్ని శాశ్వతం చేశారు.

కట్టడంలో ముందు చూడవలసింది నీటి దారి. పూలతొట్లు, చెక్కల రంగు ఆ తరువాతే. రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచున పల్లంగా ఉంటుంది కాబట్టి వాన నీరంతా ఫుట్‌పాత్ పక్కనే పారుతుంది. వేదిక కింద ఆ దారి మూసుకుపోకూడదు. రెండు కొసల్లో ఆకులు దూరకుండా జాలీ బిగించాలి, ఒక పలక లేపి లోపల శుభ్రం చేసుకునే వీలుండాలి. ఒకచోట పలకలన్నీ కదలకుండా మేకులు కొట్టేశారు. మొదటి పెద్ద వానకే లోపల ఆకులు అడ్డుపడి, మురుగు ఫుట్‌పాత్ మీదికి పొంగి పక్క దుకాణం గడప దాకా వచ్చింది. చివరికి కొత్త చెక్కలను రంపంతో కోసి తీశారు. చూస్తుంటే ప్రాణం ఉసూరుమంది.

వేదిక, ఫుట్‌పాత్ ఒకే మట్టంలో కలవాలి. మధ్య సందు అర అంగుళం దాటితే చక్రాల కుర్చీ ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. బల్లలు మీ గిరాకీకే ఉంచుకునే వాణిజ్య అనుమతి కూడా ఉంది, దానికి వెళ్లకండి. డబ్బు మీరు పెట్టినా ఆ నేల వీధిది. కాఫీ కొనని ముసలాయన సంచి పక్కన పెట్టుకుని అక్కడ గంటసేపు కూర్చోగలగాలి. అందరూ కూర్చోవచ్చన్న బోర్డు కనబడేలా పెట్టండి.

పద్మజ: రఘు గారూ, అంతా బాగుంది కానీ మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. దుకాణం ముందు దిగే వీలు లేకపోతే ఆమె బయటికే రాలేదు. పెద్దవాళ్ల కోసమని చెప్పి పెద్దవాళ్లకే దారి మూసేస్తున్నారు.

రఘు: మీరన్నది నిజం పద్మజ గారూ. అందుకే రెండు చోట్లూ తీసుకోవద్దంటాను. ఒకదానిలో పార్కు కట్టి, రెండోదాని పక్క ఫుట్‌పాత్ అంచుకు రంగు మార్చమని అనూష గారు నగరాన్ని అడగవచ్చు. అక్కడ కారు ఎందుకు ఆపవచ్చో ఆ రంగే చెబుతుంది. మనుషులు ఎక్కి దిగడానికి తెలుపు, కాసేపు కారు ఆపి సామాను కొనుక్కోవడానికి ఆకుపచ్చ. హార్డ్‌వేర్ కొట్టుకు ఆకుపచ్చే నయం. ఇప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే కారు అక్కడ కదలకుండా ఉంటే ఆ పెద్దాయనకు ఒరిగేదేమీ లేదు. మీ అమ్మగారిని దించడానికి కూడా ఆ చోటు ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ.

అనూష: ఈ పద్ధతి ఆయనకు నచ్చుతుందనుకుంటాను, రేపే మాట్లాడతాను. మా వీధి కాస్త వాలుగా ఉంటుంది. ఇబ్బందా?

రఘు: వాలు అయిదు శాతం దాటితే సాధారణంగా ఒప్పుకోరు. పది అడుగుల బద్దను వీధి పొడవునా పెట్టి, దానిపై ఉంచిన మట్టం చూసే పరికరంలోని బుడగ నడిమికి వచ్చేదాకా పల్లపు కొసను లేపండి. ఆ కొస కింద ఎత్తు ఆరు అంగుళాలలోపు ఉంటే దరఖాస్తు పెట్టవచ్చు. కొలిచి, ఫొటోతో ఇక్కడే రాయండి.