వేలంలో కొన్న గుర్రప్పిల్ల తల ముట్టుకోనివ్వడం లేదు. అర్జెంట్

మెట్టపొలం:
అన్నలూ, పొద్దున ఆరింటి నుంచి దొడ్లోనే ఉన్నా. ఇప్పుడు పదకొండున్నర. మాది కందుకూరు దగ్గర. తొమ్మిది రోజుల కిందట బందెలదొడ్డి (దిక్కులేని పశువుల్ని పట్టి కట్టేసే చోటు) వేలంలో ఒక గుర్రప్పిల్లను పాడుకున్నా. ఇటుకబట్టీ ఆయన పదివేలన్నాడు. ఎముకల గూడులా ఉంది, బట్టీకి పోతే నెల తిరక్కుండా చస్తుందని నేను పదకొండు అన్నా. నోరు జారానని మా ఆవిడ ఇప్పటికీ అంటోంది.
మేత మేస్తుంది, నీళ్ళు తాగుతుంది. తల దగ్గరికి చెయ్యి పోతే మాత్రం ముందుకాళ్ళు లేపేస్తుంది. నిన్న భుజం కొరికింది. యూట్యూబ్‌లో చూపించినట్టే చేస్తున్నా, ఒక్క అడుగు నడవదు. ఏం చెయ్యాలో త్వరగా చెప్పండి.

జట్కా వారి మనవడు:
ఆడదా మగదా, ఎంత వయసు, ఏం పెడుతున్నావు, ఎక్కడ కట్టావు? ఇవేమీ రాయకుండా ఏం చెప్పమంటావు?

గిత్తల పిచ్చోడు:
తమ్ముడూ, ఒంగోలు గిత్తలున్న గడ్డ మీద పుట్టి గుర్రం కొనడమేంది? గిత్తల్ని పెంచే చదలవాడ ఫారం నీకు ఎంత దూరం? బ్రెజిల్ వాళ్ళు నెలోర్ అని నెత్తిన పెట్టుకున్నది మన జాతినే. నెల్లూరు పేరెందుకు వచ్చిందంటే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. పదకొండు వేలకి మంచి కోడె రాదు, నిజమే. కానీ ఇంకొంచెం వేసుకుంటే దూడన్నా వచ్చేది.

చట్టం తెలిసినోడు:
అసలు బందెలదొడ్డిలో పశువుల్నే వేలం వేయాలి. గుర్రం పశువు కాదు. ఆ వేలం చెల్లదు.

పశువైద్యంలో రిటైర్డ్:
చెల్లుతుంది బాబూ. 1871 నాటి చట్టంలో పశువులంటే గుర్రాలు, తట్టులు (పొట్టి జాతి గుర్రాలు), గాడిదలు, ఒంటెలు, చివరికి ఏనుగులు కూడా. అడిగినాయన జట్కా ఆయన ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

మెట్టపొలం:
మగది. వేలంలో ఏడాదిన్నర అన్నారు. బర్రెల పక్కనే కట్టా. బర్రెలకు పెట్టే దాణానే పూటకు రెండు కిలోలు, పైన వరిగడ్డి. బక్కగా ఉంది కదా అని కాస్త ఎక్కువే వేస్తున్నా.

పశువైద్యంలో రిటైర్డ్:
దాణా ఈ పూట నుంచే ఆపండి. కొన్ని పశుదాణాల్లో, కోళ్ళదాణాల్లో మోనెన్సిన్ అనే మందు కలుపుతారు. బర్రెకి ఏమీ కాని మోతాదుకే గుర్రానికి గుండె కండరం దెబ్బతిని ప్రాణం పోతుంది. మందు లేని దాణా అయినా, పస్తులున్న జీవానికి ఒక్కసారిగా గింజ ఎక్కువైతే ఒంట్లో లవణాలు తారుమారై పడిపోతుంది. పైగా గుర్రానికి వాంతి రాదు, కడుపులో తేడా వస్తే శూలతో దొర్లుతుంది. మంచి ఎండుగడ్డి, దొరికితే లూసర్న్ మేత, కొంచెం కొంచెంగా రోజుకి ఆరు సార్లు పెట్టండి. నేపియర్ గడ్డి ఒక్కటే రోజుల తరబడి పెట్టొద్దు, అందులోని ఆక్సలేట్లు సున్నం (కాల్షియం) ఒంటికి పట్టనివ్వవు. ఉలవలు తర్వాత సంగతి.
వయసు పళ్ళలో తెలుస్తుంది. ముందు వరసలో నడిమి పాలపళ్ళు రెండూ ఊడి పెద్దవి వచ్చేది రెండున్నరేళ్ళకి. ఇప్పుడే నోరు తెరవడానికి పోవద్దు, ఇంకోసారి కొరుకుతుంది.

గుర్రపుస్వారీ అభిమాని:
అన్నా, అది గుర్రమా తట్టా? నేల నుంచి మూపు దాకా కొలిచి చెప్పు. చిన్నగా ఉంటే తట్టు అనాలి, గుర్రప్పిల్ల అనకూడదు.

జట్కా వారి మనవడు:
ఏదైతే ఏంది, కొరికేది అదే నోటితో.

కోటేరు:
ముక్కుతాడు వేసెయ్యి, రెండు రోజుల్లో దారికొస్తుంది. మా ఎద్దుకి అట్టే చేశా.

పశువైద్యంలో రిటైర్డ్:
గుర్రానికి ముక్కు కుట్టరు. దయచేసి ఇలాంటివి చెప్పకండి.

జట్కా వారి మనవడు:
ఇప్పుడు తలకి ఏం కట్టి ఉంది?

మెట్టపొలం:
ఏముంటుందన్నా, వేలంలో వచ్చిన నీలం నైలాన్ తాడే. దాన్ని పట్టుకునే లాగుతున్నా.

జట్కా వారి మనవడు:
అది పిల్లగా ఉన్నప్పుడు కట్టిందేమో. తల పెరిగింది, తాడు పెరగలేదు. లాగడం ఆపు. జూలు కింద, చెవుల వెనక తాడుకీ చర్మానికీ మధ్య వేలు దూరుతుందా? చెయ్యి పెట్టమాక, మేస్తుంటే పక్కన నిలబడి చూడు.

మెట్టపొలం:
చూశా. చెవుల వెనక తాడు కనిపించట్లేదు. రెండు వైపులా మొదలుంది, మధ్యలో మాయమైంది. వెంట్రుకలు అంటుకుని పచ్చగా, ఈగలు. వాసన కూడా వస్తోంది. బర్రెల దగ్గర వాసన అనుకున్నా ఇన్ని రోజులూ.

జట్కా వారి మనవడు:
అనుకున్నా. తాడు కండలోకి దిగింది.

పశువైద్యంలో రిటైర్డ్:
పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి, లేదా దగ్గర్లోని పశువుల ఆస్పత్రి నుంచి డాక్టరును పిలవండి. మీరు కత్తి పట్టొద్దు. మత్తు ఇచ్చి తియ్యాలి. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలిగ్గా పట్టుకుంటుంది. టీకా ఎప్పుడూ పడనిది కాబట్టి ముందు సీరం (ధనుర్వాతం రాకుండా వెంటనే కాపాడే ఇంజెక్షన్), తర్వాత టీకా అడగండి. సర్రాకి (ఈగల వల్ల వచ్చే రక్తపు జబ్బు) రక్తపరీక్ష కూడా చేయిస్తే మంచిది.

గిత్తల పిచ్చోడు:
మా గిత్తకి ఇట్టే మెడ తాడు ఒరుసుకుంటే వేపనూనె రాశాం. ఆ గిత్త 2019లో...

జట్కా వారి మనవడు:
అన్నా, ఆపన్నా.
మెట్టపొలం, పుండు మానేదాకా తలకి ఏమీ కట్టొద్దు. చిన్న దడి కట్టి అందులో వదిలెయ్యి. రోజూ మేత బకెట్ పట్టుకుని పక్కన నిలబడు, అంతే. భుజం దగ్గర గోకనిస్తే గోకు, మొహం జోలికి పోకు. మానాక మెత్తటి నూలు తాడుతో, వెడల్పుగా వేసుకోవాలి. నడక నేర్పేటప్పుడు తాడు కొద్దిగా బిగించి పట్టుకో. అది ఒక్క అడుగు వేసిందనుకో, ఆ క్షణమే వదులు చెయ్యి. ఆ వదలడమే దానికి అర్థమయ్యేది. ఇంకా లాగుతూనే ఉంటే వెనక్కి లాక్కోవడం నేర్చుకుంటుంది. మా తాత రోజుకి పది నిమిషాలే నేర్పేవాడు, పిల్లకి విసుగు రాకముందే ఆపేవాడు. వీపు మీద బరువు మూడేళ్ళు దాటాకే.

గుర్రపుస్వారీ అభిమాని:
కళ్ళెం ఎప్పుడు వెయ్యాలి?

జట్కా వారి మనవడు:
అది నీ గుర్రమా?

చట్టం తెలిసినోడు:
ఒక డౌట్. కందుకూరు ప్రకాశమా నెల్లూరా? 1970లో నెల్లూరు నుంచి తీశారు కదా.

గిత్తల పిచ్చోడు:
2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు, 2025 చివర్లో తిరిగి ప్రకాశంలోకి మార్చారు.

మెట్టపొలం:
డాక్టరు వచ్చి వెళ్ళారు. తాడు నాలుగు ముక్కలుగా వచ్చింది. లోపలి ముక్క నల్లగా ఉంది, నీలం అని కూడా తెలియలేదు. మత్తు దిగి ఇప్పుడే లేచింది. ఇక్కడ కరెంటు పోయింది, ఫోన్లో రెండు శాతం ఉంది. మిగతాది రేపు రాస్తా. థ్యాంక్స్ అన్నా.

జట్కా వారి మనవడు:
సీరం వేశారా?

జట్కా వారి మనవడు:
నాలుగు రోజులైంది. సీరం వేశారా లేదా, అదొక్కటి చెప్పు.