అప్‌డేట్: బొబ్బిలి యుద్ధంలో వచ్చిన ఈనామేనా?

మా ఇంటి ఈనాం భూమి (రాజులు పన్ను మినహాయించో తగ్గించో ఇచ్చిన మాన్యం) 1757 బొబ్బిలి యుద్ధంలో పోరాడినందుకే వచ్చిందా అని ఇక్కడ అడిగాను కదా. మీరన్నట్టు ముందు తరాలు లెక్కేశాం. తరానికి 25–30 ఏళ్లంటే తొమ్మిదో పదో ఉండాలి. ఇంట్లో చెప్పేవి ఏడే. తాత పేరు మనవడికి పెడతారు కదా, ఇద్దరు అప్పన్నలు ఒక్కడైపోయారు. ఒక తరం అక్కడే తగ్గింది.

తర్వాత 1860ల నాటి ఈనాం ఫెయిర్ రిజిస్టరు (ఏ ఈనాం ఎవరిదో బ్రిటిష్ సర్కారు విచారించి రాసిన పుస్తకం) నకలు చూశాం. ఇప్పటి సర్వే నంబరుతో వెతికితే దొరకదు, పాత తాలూకా, ఊరి పేరు కావాలి. మొదట పుచ్చుకున్నవారు, ఇచ్చినవారు, అప్పటి అనుభవదారుడి వయసు, చుట్టరికం గడులు చదవాలి. ఇచ్చింది విజయనగరం రాజులట, ఆ యుద్ధంలో బొబ్బిలికి ఎదురుపక్షం! ఈనాం రకం: గుడి సేవ. కత్తి ఊసే లేదు.

గయలో పిండాలు పెట్టించే పండాల దగ్గరుండే వంశావళి పుస్తకాలు (బహీలు) ఇంకా చూడాలి.